గేరుబాక్సు దించిన పూట



సిరోంచ నుంచి ఆలాపల్లి దాకా ఏ షెడ్డు ముందు పాత జీపు ఆగినా, క్లచ్ పోయిందని తేలగానే మెకానిక్ అడిగే మాట ఒకటే: ప్లేటు ఒక్కటే వేద్దామా, సెట్టు వేద్దామా? సెట్టు అంటే క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు. బండి యజమాని జేబు తడుముకుని ఏదో ఒకటి చెబుతాడు, పని మొదలవుతుంది. ఆ బేరసారాల్లో ఫ్లైవీల్ ఊసు రాదు. కొత్త ప్లేటు రేపటి నుంచి ఏ ఇనుప ముఖాన్ని పట్టుకుని వేలాడాలో ఆ ముఖం ఎట్లా ఉందని అడిగేవాళ్లు తక్కువ. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే. గేరుబాక్సు దించిన పూట ఫ్లైవీల్‌ను కొలిచి చూడకుండా మళ్లీ మూసేస్తే, మిగిలిందనుకున్న డబ్బు నిజానికి మిగలదు. ప్రతిసారీ ఫ్లైవీల్ మార్చి తీరాలని నేననడం లేదు. మార్చాలా, ముఖం గీయించాలా, తుడిచి వదిలెయ్యాలా అన్నది అంచనాతో కాకుండా కొలతతో తేలాలి. ఆ కొలతకు వీలు దొరికేది గేరుబాక్సు కింద ఉన్నంతసేపే.

క్లచ్ పని చూడ్డానికి సులువు. ఇంజిను వెనక క్రాంకుకు బిగించిన బరువైన ఇనుప చక్రం ఫ్లైవీల్. దానికి బోల్టులతో బిగించి ఉండేది ప్రెజర్ ప్లేటు. రెంటి మధ్య ఇరుక్కుని ఉండేది క్లచ్ ప్లేటు. పెడలు వదిలితే స్ప్రింగు నొక్కుడుకు ముగ్గురూ ఒక్కటై తిరుగుతారు. తొక్కితే మధ్యది విడివడుతుంది. అంటే క్లచ్ ప్లేటుకు రెండు వైపులా రాపిడే. ఒక వైపు ప్రెజర్ ప్లేటు, రెండో వైపు ఫ్లైవీల్. సెట్టు వేశామంటే మొదటి వైపు కొత్తదైంది. రెండో వైపు పాతదే. మన ఇళ్లల్లో ఇసుర్రాయికి గాట్లు పెట్టించే రోజుల్లో, పైరాయికి మాత్రం పెట్టించి కిందిరాయిని నున్నగా వదిలేసిన ఇల్లాలు లేదు. పిండి ఆడేది రెండు రాళ్ల మధ్య అని ఆమెకు తెలుసు. బండి దగ్గరికి వచ్చేసరికి అదే లెక్క మనం మరిచిపోతాం. కారణం కూడా ఊహించవచ్చు. ప్లేటు అరిగితే కళ్లకు కనిపిస్తుంది, లైనింగు పోయి రివెట్లు బయటపడతాయి. ఫ్లైవీల్ అరగడం అట్లా కనిపించదు. అది ఇనుము కదా, దానికేమవుతుందిలే అనిపిస్తుంది.

ఏమవుతుందో లెక్క వేద్దాం. మనుషులు, మూటలతో కలిపి 2,500 కిలోల జీపు నిలబడ్డ చోటి నుంచి గంటకు 10 కిలోమీటర్ల వేగం అందుకుంటే, అది సంపాదించిన శక్తి దాదాపు 10 కిలోజౌల్స్. సమతలంలో మామూలుగా బండి ఎత్తినప్పుడు, అంటే ఆగిన చోటి నుంచి కదిలించినప్పుడు, సుమారుగా అంతే శక్తి క్లచ్‌లో వేడిగా మారుతుంది. అది చిన్న సంగతే, గ్లాసెడు నీళ్లు 12 డిగ్రీలు వేడెక్కేంత. రోజుకు వందసార్లు ఎత్తినా, మధ్యలో చల్లారే వ్యవధి ఉంటే ఇనుముకు నొప్పి తెలియదు. ఇప్పుడు ఇదే బండి ఆషాఢంలో బురదలో దిగబడ్డదనుకోండి. చక్రం కదలదు. డ్రైవరు ఇంజిన్ను నిమిషానికి 2,000 చుట్లు తిప్పుతూ హాఫ్ క్లచ్‌లో పట్టుకున్నాడు. క్లచ్ 100 న్యూటన్ మీటర్ల మెలితిప్పు బలం (టార్క్) మోస్తోందంటే, అక్కడ పుట్టే వేడి 20 కిలోవాట్లు. పది సెకన్లు పట్టుకుంటే 200 కిలోజౌల్స్. అట్లాంటివి రెండు ప్రయత్నాల్లో పుట్టిన వేడికి లీటరు నీళ్లు మరుగుతాయి. దాంట్లో సగం ఫ్లైవీల్‌లోకి పోతుంది. చక్రం మొత్తం మీద సగటు తీస్తే ఒక్కో ప్రయత్నానికి 20 డిగ్రీలు కూడా పెరగదు. కానీ వేడి సగటుగా పంచుకోదు. ముందు పుట్టేది పైముఖంలో, అదీ ప్లేటు బిగుతుగా తగిలిన కొన్ని చోట్ల. లోపలి ఇనుము ఇంకా గోరువెచ్చగా ఉండగానే ఆ మచ్చల దగ్గర వేడి వందల డిగ్రీలు దాటిపోతుంది.

ఆ మచ్చలే ఫ్లైవీల్ రాసిపెట్టుకునే డైరీ. నీలం, ఊదా రంగులో కనిపించే చోట్ల పోత ఇనుము 700 డిగ్రీలు దాటి వేడెక్కి, చుట్టూ ఉన్న చల్లని ఇనుము ఆ వేడిని గుంజుకోవడంతో ఒక్కసారిగా చల్లారి ఉండొచ్చు. అట్లా చల్లారిన ఇనుము చుట్టుపక్కల ఇనుము కన్నా గట్టిబడుతుంది, కొద్దిగా ఉబ్బుతుంది కూడా. కొలిమిలో కాల్చిన కొడవలిని నీళ్లలో ముంచితే పదును నిలిచే గుణం ఏదో, ఇక్కడ అక్కరలేని చోట అదే పుట్టింది. కొత్త ప్లేటు ముందుగా ఆ ఉబ్బుల మీదే ఆనుతుంది. మళ్లీ వేడి అక్కడే, మళ్లీ గట్టితనం అక్కడే. బండి ఎత్తేటప్పుడు వణుకుతూ, గుద్దుకుంటూ కదలడం మొదలవుతుంది. కొత్త ప్లేటు వేసిన నెలకే వణుకు వచ్చిందంటే జనం తిట్టేది ప్లేటు కంపెనీని, ‘డూప్లికేటు అంటగట్టాడు’ అని కొట్టువాణ్ని. డూప్లికేటు లైనింగులు బజారులో లేవని కాదు, ఉన్నాయి. కానీ నేరం నిజంగా ఎవరిదో ఫ్లైవీల్ ముఖం చూడకుండా తేలదు. పగుళ్ల సంగతి ఇంకా తీవ్రం. సాలెగూడులాగా ముఖం మీద సన్నగా అల్లుకున్న గీతలు పైపైనే ఉంటే గీయిస్తే పోతాయి. బోల్టు రంధ్రం నుంచి అంచు దాకా పారిన పగులు వేరే జాతి. 28 సెంటీమీటర్ల చక్రం నిమిషానికి 4,000 చుట్లు తిరిగేటప్పుడు దాని అంచు గంటకు 210 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. దాని చుట్టూ ఉన్న తొడుగు డ్రైవరు పాదాలకు జానెడు దూరంలోనే ఉంటుంది.

ఇది ఎక్కడి బండికైనా వర్తించే సంగతే. సిరోంచ పేరు ప్రత్యేకంగా ఎందుకు ఎత్తానంటే, ఇక్కడ ఈ లెక్క మరింత బిగుస్తుంది. ప్రాణహిత గోదావరిలో కలిసే చోట, మహారాష్ట్ర అంచున, తెలుగు మాట్లాడే ఊరిది. జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్లకు అటూఇటూ. మధ్యలో ఆలాపల్లి దాకా సుమారు 100 కిలోమీటర్లు అడవి దారి, గుంతల దారి. ఇక్కడి మనుషులను మోసేవి ఎస్టీ (రాష్ట్ర రవాణా) బస్సులు, ఆ తర్వాత ‘కాలీపీలీ’ అని పిలిచే నల్ల పసుపు జీపులు. వాటి మీద పడే బరువు ఋతువును బట్టి మారుతుంది. ఎండాకాలం ముందు మిరప ఏరడానికి తెలంగాణ చేలకు కూలీల ప్రయాణం, వేసవిలో తునికాకు, రెండేళ్లకోసారి మేడారం జాతర, ఒక్కో నదికి పన్నెండేళ్లకోసారి పుష్కరాలు. ప్రాణహిత పుష్కరాలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి, కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలు 2025 మేలో వచ్చాయి. మెకానిక్‌ను అడిగితే ఘాటు రోడ్డు కన్నా జాతర వరుసే క్లచ్‌కు శత్రువని చెబుతాడు. నాలుగడుగులు ముందుకు, ఆగు, మళ్లీ నాలుగడుగులు. ఎండలో, నిండు బండితో, చల్లారే వ్యవధి లేకుండా. మనం ఇందాక వేసిన లెక్కలో పదేసి సెకన్ల హాఫ్ క్లచ్ అంటే ఇదే.

ఇక సామాను, యంత్రం ఎక్కడ దొరుకుతాయన్నది చూడాలి. గోదావరి మీద సిరోంచ, కాళేశ్వరం మధ్య వంతెన 2016 చివర్లో తెరుచుకుంది. ప్రాణహిత మీద వంతెన దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల పోవచ్చు. వంతెనలు రాకముందు నాటు పడవ మీద ఆధారపడ్డ ఊరికి ఇది చిన్న మార్పు కాదు. మహారాష్ట్ర నంబరు ప్లేటున్న బండికి స్పేరు పార్టులు తెలుగు పట్నాల నుంచి రావడం ఇప్పుడు మామూలే. చిన్న లేతు తాలూకా ఊళ్లో ఉండొచ్చు, ఫ్లైవీల్ ముఖాన్ని సాపుగా గ్రైండు చేసే యంత్రం కోసం సాధారణంగా పెద్ద పట్నం మెట్లెక్కాలి. ఇక్కడ ఒక విచిత్రం చెప్పకుండా ఉండలేను. ఇదే జిల్లాలో ఏటపల్లి తాలూకా సూర్జాగఢ్ కొండల నుంచి ఇనుప ఖనిజం లారీలకెక్కి పోతోంది. జిల్లా దక్షిణపు కొసన జానెడు ఇనుప చక్రం ముఖం సాపు చేయించుకోవాలంటే నది దాటాలి. సరే, దాటాలి కాబట్టే ముందుగా తెలిసుండాలి. గేరుబాక్సు దించడం ఒకరోజు పని. ప్రొపెల్లర్ షాఫ్టులు విప్పి, ఫోర్ వీల్ డ్రైవ్ బండైతే ట్రాన్స్‌ఫర్ కేసు బరువుతో సహా, కిందికి దించి, మళ్లీ ఎత్తాలి. ఖర్చులో మోపైన పాలు ఆ కూలిదీ, ఆ రోజుల్లో బండి సంపాదించని డబ్బుదీ. చెడ్డ ముఖం మీద కొత్త ప్లేటు వేసి మూడు నెలలకు మళ్లీ దించితే, ప్లేటుతో పాటు ఆ కూలి, ఆ రోజులు రెండోసారి కట్టాలి. రెండోసారి వర్షాకాలంలో వస్తే? 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత ఉప్పొంగి సిరోంచ తాలూకా ఊళ్లు మునిగినప్పుడు, నడిచే బండి ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఎంతో అక్కడివాళ్లకు వివరించనక్కర లేదు.

ఇట్లా సగంలో వదిలేసే పని ఈ ప్రాంతానికి కొత్తది కాదు. సిరోంచ కేంద్రంగా బ్రిటిష్ వాళ్లు 1860లో అప్పర్ గోదావరి జిల్లాను ఏర్పాటు చేసిన కాలంలోనే, ఆర్థర్ కాటన్ ఆలోచనతో సముద్రం నుంచి ప్రాణహిత పైదాకా పడవల దారి తీయాలని పూనుకున్నారు. నదిలో మూడు చోట్ల బండల అడ్డంకులున్నాయి. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట లేచింది. పై అడ్డంకుల పని ముగియక ముందే 1871లో పథకం ఆగిపోయింది, ఏడాది పొడవునా నడిచే జలమార్గం రానేలేదు. మూడు అడ్డంకుల్లో ఒకటి తీసి రెండు వదిలేసిన దారి, మూడు భాగాల్లో రెండు కొత్తవి చేసి ఒకటి వదిలేసిన క్లచ్, రెండింటి లెక్కా ఒకటే.

పాత స్పోర్ట్స్ కార్ల లోకంలో ఈ వాదన ఎప్పుడో తేలిపోయింది, అందుకే అటు ఒకసారి చూడ్డం మేలు. పోర్షా 944 అని ఒక కారు, 1982 నుంచి 1991 దాకా తయారైంది. దాని ఇంజిను ముందు, గేరుబాక్సు వెనక చక్రాల మధ్య, రెంటినీ కలిపే పొడుగాటి గొట్టం నడుమ. క్లచ్ ఉండేది ఇంజిను దగ్గర. ఆ క్లచ్ మార్చాలంటే సైలెన్సరు గొట్టాలు, గేరుబాక్సు దించి, నడిమి గొట్టాన్ని వెనక్కి జరపాలి. పైగా అసలు క్లచ్ ప్లేటు నడిబొడ్డున రబ్బరు ఉండేది. ఏళ్లు గడిచాక ఆ రబ్బరు చిట్లిపోతుంది, లైనింగు ఇంకా మిగిలుండగానే ప్లేటు పనికిరాకుండా పోతుంది. అంత విప్పదీత చేశాక ఏ యజమానీ ప్లేటు ఒక్కటి వేసి మూసెయ్యడు. ఫ్లైవీల్ ముఖం చూస్తాడు, క్రాంకు వెనకటి ఆయిల్ సీలు మారుస్తాడు, పైలట్ బేరింగు మారుస్తాడు. డబ్బు ఎక్కువై కాదు, మళ్లీ విప్పే ఓపిక లేక. విప్పడం ఎంత కష్టమైతే, విప్పినప్పుడు చూడవలసింది అంత ఎక్కువ. ఆ సూత్రం ప్రకారం చూస్తే పోర్షాకున్న న్యాయం ఆలాపల్లి జీపుకూ ఉంది. ఒక్క విషయంలో మాత్రం స్పోర్ట్స్ కారు దారి మనది కాదు. వాళ్లు ఫ్లైవీల్ బరువు తగ్గిస్తారు. చక్రం తేలికైతే ఇంజిను చురుగ్గా వేగం అందుకుంటుంది, చురుగ్గా దిగుతుంది. నిండు జీపుకు కావలసింది దానికి ఎదురు. బరువైన చక్రం తన తిరుగుడులో దాచుకున్న శక్తే బండి ఎత్తేటప్పుడు ఇంజిను ఆగిపోకుండా కాపాడుతుంది. కాబట్టి లేతు దగ్గర ‘ఇంకొంచెం పల్చన చెయ్యనా’ అని ఎవరైనా అడిగితే వద్దనాలి.

ఇక అభ్యంతరాలు. మొదటిది బలమైనదే: ‘ఇన్నేళ్లుగా ప్లేటు ఒక్కటే వేస్తున్నాం, బండ్లు నడవడం లేదా?’ నడుస్తున్నాయి. కిలోమీటర్లు తిరిగి తిరిగి లైనింగు మామూలుగా అరిగిన బండికి, వేడి తగలని ఫ్లైవీల్ ముఖం చాలాసార్లు బాగానే ఉంటుంది. ఎమెరీ కాగితంతో రుద్ది, శుభ్రంగా తుడిచి కొత్త ప్లేటు వేస్తే సరిపోతుంది. నేను ఒప్పుకోనిది ఆ పనిని కాదు, చూడకుండా ఆ పని చెయ్యడాన్ని. చూడ్డానికి పెద్ద సరంజామా అక్కర లేదు. ఉక్కు స్కేలును ముఖం మీద అడ్డంగా నిలబెట్టి కింద ఫీలర్ గేజి దూర్చితే పళ్లెంలా గుంత పడ్డదో లేదో తెలుస్తుంది. డయల్ గేజి ఉంటే చక్రం ఒక చుట్టు తిప్పి ఊగిసలాట చూడొచ్చు. చాలా కంపెనీలు ఒప్పుకునేది మిల్లీమీటరులో పదోవంతు, రెండు పదోవంతుల మధ్యే. పావుగంట పని. ఈ పావుగంట మిగుల్చుకుని రోజంతా కూలి పణంగా పెట్టడం ఎట్లా పొదుపవుతుందో నాకు అర్థం కాదు.

రెండో అభ్యంతరం, ‘బండి ఖరీదే అంతంత మాత్రం, దానికింత ఖర్చా?’ ఇది బండిని అమ్మకపు ధరతో తూచడం. రేపో మాపో పాత ఇనుము కిందికి పోయే బండైతే నిజమే, ఉన్నంతలో సరిపెట్టడం తెలివి. రోజూ కిరాయికి తిరిగే జీపు విలువ దాని రోజు సంపాదనతో తూచాలి. పైగా కొత్త ఫ్లైవీలే కొనాలని ఎవరన్నారు? పాత జీపుల్లో ఉండేది ఒకే దిమ్మ చక్రం, గ్రైండు చేయించి మళ్లీ వాడుకునే వీలున్నది. స్క్రాపు దుకాణంలో అదే మోడలు చక్రం దొరికితే అదీ మంచిదే, కాకపోతే స్టార్టరు తగిలే పళ్ల రింగు పళ్లు లెక్కపెట్టి, బోల్టు రంధ్రాలు సరిచూసి తీసుకోవాలి. కొత్త తరం డీజిలు బండ్లలో కొన్నింటికి మాత్రం మధ్యలో స్ప్రింగులతో రెండు దిమ్మల చక్రం ఉంటుంది. లూక్ కంపెనీ 1985 నుంచి వాటిని పెద్ద ఎత్తున తయారు చేస్తోంది. వాటిని పాత పద్ధతిలో గీయించడం కుదరదు. అడ్డంగా ఎంత ఊగుతోందో, చుట్టూ ఎంత ఆట ఉందో కంపెనీ చెప్పిన హద్దుతో పోల్చి, దాటితే మార్చడమే. అక్కడ ఖర్చు నిజంగా ఎక్కువ, కాదనను.

మూడోది మెకానిక్‌ల నుంచి వచ్చేది: ‘గీయిస్తే ఇంకా చెడిపోతుంది.’ ఇందులో నిజముంది, ఎందుకంటే చెడగొట్టే పద్ధతులున్నాయి. లేతు పనిముట్టు గట్టిబడ్డ మచ్చ దగ్గరికి రాగానే దాని మీదుగా కొంచెం జారుతుంది. చుట్టూ కోసుకుపోయి మచ్చ అట్లే గుబ్బలా మిగులుతుంది. చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది, నెలలో వణుకు తిరిగొస్తుంది. అందుకే లేతు కన్నా గ్రైండింగు రాయి మేలు. మచ్చ లోతుగా ఉంటే రాయి కూడా గెలవదు, అప్పుడు చక్రం మార్చడమే. ఇంకొకటి, కొన్ని ఫ్లైవీళ్లకు ప్లేటు ఆనే ముఖం ఒక ఎత్తున, ప్రెజర్ ప్లేటు బిగించే అంచు ఇంకో ఎత్తున ఉంటాయి. లోపలి ముఖం ఎంత తీశారో అంచు మీదా అంతే తియ్యాలి. లోపలి ముఖం ఒక్కదాన్నే తీస్తే ప్రెజర్ ప్లేటు నొక్కుడు సడలుతుంది, కొత్త క్లచ్ మొదటి వారమే జారుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను అరుస్తుంది, వేగం పెరగదు, మాడు వాసన కొడుతుంది. మందం కంపెనీ హద్దు కన్నా తగ్గితే ఆ చక్రానికి అక్కడితో సెలవు.

మిగిలినవి గబగబా చెబుతాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఆ నల్ల దుమ్మును గాలి పంపుతో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి. వెనకటి ఆయిల్ సీలు చెమర్చినట్టు కనిపిస్తే అప్పుడే మార్చండి. నూనె తగిలిన ప్లేటు ఎంత కొత్తదైనా జారుతుంది. ఫ్లైవీల్ బోల్టులు ఎదురెదురుగా, వంతులవారీగా, చెప్పిన బిగువుకే బిగించాలి. ప్లేటు నడిమధ్యన కూర్చోబెట్టడానికి పాత గేరుబాక్సు షాఫ్టు ముక్క ఉంటే దానికి మించిన పనిముట్టు లేదు. గ్రైండు చేసిన ముఖం మీద వేలిముద్ర జిడ్డు కూడా ఉండకుండా తుడిచి మూయాలి. ఈ పని మొత్తానికి సరైన కాలం ఏదని అడిగితే, మిరప కోతలకు ముందు, పుష్య మాసం దాటకుండా అంటాను. కొత్త ప్లేటు, సాపు చేసిన ముఖం ఒకదానికొకటి అలవాటు పడటానికి మొదటి కొన్ని వందల కిలోమీటర్లు తేలిక బరువుతో, హాఫ్ క్లచ్ లేకుండా తిరగాలి. మెత్తగా ఎత్తుకుని, పూర్తిగా వదిలి, వంతెన దాటి కాళేశ్వరం దాకా ఒకసారి, చెన్నూరు దాకా ఒకసారి ఖాళీ బండితో పోయి రండి. కూలీల మూటలు ఆ తర్వాతే ఎక్కించండి.